చదువుకున్న వేళ్లు

చదువుకున్నవాడికి సంతకం ఎంత గొప్పో, వేలిముద్ర అంత నామోషీ ఎందుకో ఇప్పటికీ అంతుపట్టదు. ఒంగోలు బడిపంతులుగారి అబ్బాయి జయరావు పోలీసుల్లో వేలిముద్రల నిపుణుడు. సర్వీసంతా ఆ నామోషీతోనే అతని పేచీ.

1958లో చిలకలూరిపేట దగ్గర ఒక పత్తి మిల్లు ఆఫీసులో గోడ గడియారం పోయింది. ఊడ్చే పున్నమ్మే తీసిందని ఆమెను స్టేషన్‌కు పంపబోతున్నారు. తలుపుకు కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు ఆరక, దొంగ బొటనవేలి గుర్తు దాని మీద తేటగా పడింది.

"ఏ ఇద్దరి గీతలూ కలవవండి. అందరూ వేలు వెయ్యండి," అంటూ జయరావు సిరా పలక తీశాడు.

పున్నమ్మే ముందుకొచ్చింది. "పదివేళ్లూ వేస్తానయ్యా! కాయితం మీద వేలేస్తే పోవటానికి నాకు పొలమన్నా లేదుగా."

ఆమె గీతలు కలవలేదు.

గుమాస్తా రంగయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "స్కూలు ఫైనలు పాసయ్యానండీ. కావాలంటే సంతకం చేస్తా."

"దొంగ తలుపు మీద సంతకం పెట్టి పోలేదు కదండీ!"

మేనేజరు చెంచురామయ్య మండిపడ్డాడు. "బియ్యే చదివినవాణ్ణి, వేలిముద్రగాడిలా వేలెయ్యమంటావా? నీ గీతలూ వద్దు, గాడిదగుడ్డూ వద్దు. పున్నమ్మని తీసుకుపో!" కాఫీ గటగటా తాగేసి, గాజు గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికెళ్లాడు.

జయరావు గ్లాసును అంచు పట్టి ఎత్తి, పొడి చల్లి చూశాడు. తలుపు మీది సుడే, ఒక్క గీత కూడా పొల్లుపోలేదు.

"నువ్వింటికెళ్లమ్మా," అన్నాడు పున్నమ్మతో. గ్లాసును జేబురుమాల్లో చుట్టుకుని, మేనేజరుగారికి వెళ్లొస్తానని కూడా చెప్పకుండా స్టేషన్ దారి పట్టాడు.