సుగుణనడిగిన మూడు ప్రశ్నలు

జీవితంలో నేను చేసిన నాశనాలు చాలానే ఉన్నాయి. గ్యాస్కెట్ పెట్టకుండా కుక్కర్ ఎక్కించాను. పరదేశంలో మేమున్న టూవూంబా చలికాలంలో కారు అద్దం మీద మంచు పేరుకుంటే మరిగే నీళ్లు పోసి అద్దం పగలగొట్టాను. అవన్నీ చిల్లర. ఇప్పుడు చెప్పబోయేది టోకు. ఒక మధ్యాహ్నం, ఎవరూ పిలవకుండానే, ఇంగ్లండు రాజులందరినీ వెంటేసుకుని వెళ్లి మా ఆవిడ చదువు మీద పడ్డాను. మీరు నిస్సంకోచంగా నవ్వుకోండి. కొంతదూరం నేను కూడా మీతో కలిసి నవ్వుతాను.

అది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది. మేము టూవూంబా వచ్చి రెండేళ్లయింది. అక్కడ డాక్టరుగా ఉన్న మా బావమరిది మమ్మల్ని రప్పించాడు. అంతకుముందు నేను బాపట్ల దగ్గర ఒక కాలేజీలో పదకొండేళ్లు హిస్టరీ లెక్చరర్‌ని. టూవూంబాలో గోదాములో టమాటా పెట్టెలు సర్దేవాణ్ణి. పెట్టెలకు పాఠం చెప్పలేం కదా. అందుకని పదకొండేళ్ల పాఠాలు నా గొంతులోనే కూర్చుని, ఎవరు దొరుకుతారా అని కాచుకుని ఉండేవి.

మా ఆవిడ సుగుణ మన దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదన్నారు. ముసలివాళ్లను చూసుకునే ఒక హోమ్‌లో స్నానాలు చేయించి, పక్కలు మార్చే పని ఇచ్చారు. ఎవరికైనా జ్వరం వస్తే థర్మామీటరు పెట్టడానికి కూడా వేరే నర్సు రావాలి, సుగుణ పక్కన నిలబడి చూడాలి. మళ్లీ నర్సు కావాలంటే యూనివర్సిటీలో డిగ్రీ చెయ్యాలి. దానికి ముందు, పెద్దవాళ్ల కోసం పెట్టిన ప్రవేశ కోర్సు పాసవ్వాలి. అందులో నర్సింగుతో సంబంధం లేని సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లోనే లెక్చరర్ ఉన్నాడు కదా అని సుగుణ హిస్టరీ ఎంచుకుంది. పాపం, లెక్కలు ఎంచుకుని ఉంటే ఈపాటికి హెడ్ నర్సుగా రిటైరై ఉండేది.

క్లాసులో కూర్చుని రాయవలసిన వ్యాసం ఏమిటో టీచరు ముందే చెప్పింది. అమెరికా వలసలు పెరగడంలో ఇంగ్లండు రాజుల, రాణుల పాత్ర. అది వినగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నా పేటెంటు పాఠం. కన్యారాణి ఎలిజబెత్ బిరుదు మీద వర్జీనియా, చార్లెస్ పేరు మీద కరోలినా, జార్జి పేరు మీద జార్జియా అని నేను వేలు ఊపుతూ చెబుతుంటే పక్క క్లాసులో లెక్కల మాస్టారు కూడా పాఠం ఆపేవాడు. నా గొంతు వినడానికి అనుకునేవాణ్ణి. ఆయన గొంతు వినపడక అని తరవాత తెలిసింది.

నన్నడగకుండానే సుగుణ ఒక పేజీ రాసుకొచ్చి చూపించింది. రాజు తను ఎప్పుడూ చూడని నేలను కాగితం మీద రాసి ఇచ్చేశాడట. ఆ నేల మీద అప్పటికే వేరే మనుషులు బతుకుతున్నారట, వాళ్లనెవరూ అడగలేదట. ఉన్న ఊళ్లో గడవక ఓడ ఎక్కే ఆడవాళ్లు ఏ గిన్నె పట్టుకెళ్లాలి, ఏది వదిలెయ్యాలి అని ఏడ్చి ఉంటారట. ఇంగ్లీషు తప్పుల తడక. నేను పకపకా నవ్వాను.

"ఇందులో కారణాలేవీ? ఫలితాలేవీ? సైడ్ హెడింగ్సేవీ?" అన్నాను. "గిన్నెలేమిటి సుగుణా, ఎగ్జామినర్ చూస్తే నవ్వుతాడు."

ఆవిడ ఆ కాగితం మడిచి, బీరువాలో చీరల కింద పెట్టేసింది. 

నేను నా నోట్సు తీశాను. డిక్టేట్ చేశాను. బట్టీ పట్టించాను. సుగుణ దోసె తిరగేస్తూ మొదటి జేమ్స్‌ను, యూనిఫారం ఇస్త్రీ చేస్తూ మొదటి చార్లెస్‌ను, కారులో డ్యూటీకి వెళుతూ రెండో చార్లెస్‌ను వప్పజెప్పేది. నేను మొదటి మాట అందిస్తే చాలు, మూడో జార్జి వలసలు పోగొట్టుకునేదాకా ఎక్కడా ఆగేది కాదు. పరీక్షలో తు.చ. తప్పకుండా తొమ్మిది పేజీలు రాసి వచ్చింది. ఆ సాయంత్రం నేనే కేసరి చేశాను. అడుగంటింది, అయినా తిన్నాం.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. వ్యాసం సొంతది కాదని అనుమానం, వచ్చి మాట్లాడమని. సుగుణ ఆ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివింది. మిషన్ ఆసుపత్రిలో మందుల అలమారా తాళాలు ఆవిడ చేతిలోనే ఉండేవి. అలాంటి మనిషిని దొంగ అన్నారు. నేను నీతో వస్తానన్నాను. వద్దనే అంది, మెల్లిగా. ఆవిడ ఏదన్నా మెల్లిగానే అంటుంది కాబట్టి నేను వినిపించుకోలేదు.

టీచరు పేరు మార్గరెట్. తెల్లజుట్టు, మంచి మనిషి. పేరు పెట్టి పిలవమంటే నేను మేడమ్ అనే పిలిచాను. మా ఆవిడ స్లిప్పులు పెట్టలేదు, మొత్తం కంఠతా వచ్చు, కావాలంటే చూడండన్నాను. మొదటి మాట అందించాను. సుగుణ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, నేల చూస్తూ ఎక్కడా తడబడకుండా వప్పజెప్పింది. మార్గరెట్ లేచి, అలమారాలోంచి ఒక పాత పుస్తకం తీసి, పేజీ తెరిచి వేలితో వరసల వెంట నడిచింది. సుగుణ ఎక్కడ ఊపిరి తీసుకుంటే పుస్తకంలో అక్కడ ఫుల్‌స్టాప్.

అది నా నోట్సు అని నేను పదకొండేళ్లు గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను. నాకు మా గురువుగారు చెప్పారు, ఆయనకు వాళ్ల గురువుగారు. ఆ గురువుగారు ఏ ఓడలో తెప్పించుకున్నారో గాని, అదే పుస్తకం. నా పాండిత్యమంతా ఆ టేబులు మీద అట్ట ఊడి పడి ఉంది.

మార్గరెట్‌కు కోపం రాలేదు. పుస్తకం మూసి, కుర్చీ సుగుణ దగ్గరకు జరుపుకుంది. నువ్వు స్లిప్పు తేలేదని నమ్ముతున్నాను, మూడు ప్రశ్నలు అడుగుతాను, నీకు తోచింది చెప్పు, ఇంగ్లీషు ఎలా ఉన్నా ఫరవాలేదు, చెబితే పాస్ చేస్తాను అంది. "సుగుణా, వాళ్లు సొంత ఊరు వదిలి ఎందుకు ఓడ ఎక్కారు?"

సుగుణ తలెత్తింది. ఆలోచించింది. మా కాలేజీలో పిల్లవాడు రెండు క్షణాలు ఆలోచించాడంటే వాడికి రాదని లెక్క. మూడో క్షణంలో పక్కవాణ్ణి లేపేవాళ్లం. అక్కడ పక్కవాణ్ణి నేనే.

"రాజకీయ కారణాలు, ఆర్థిక కారణాలు, మత కారణాలు మేడమ్," అన్నాను.

మార్గరెట్ నావైపు చూసి చిన్నగా నవ్వి, రెండో ప్రశ్న మళ్లీ సుగుణనే అడిగింది. అంత దూరంలో కూర్చుని రాజు ఆ కాగితం మీద అసలు ఏం ఇచ్చాడనుకుంటున్నావని. సుగుణ పెదవి కదిలింది. నేను రాజు ఇచ్చే అనుమతి పత్రాలైన చార్టర్ల లక్షణాలు ఆరు చెప్పాను. మూడోది, అప్పటికే అక్కడున్నవాళ్ల సంగతేమిటని. అది నా నోట్సులో లేదు. అయినా చెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు గాని, సైడ్ హెడింగ్స్‌తో చెప్పాను.

మార్గరెట్ సుగుణవైపు తిరిగింది. "సుగుణా, నువ్వేమైనా చెబుతావా?"

"ఆయన చెప్పిందే, మేడమ్," అంది సుగుణ.

బయట పార్కింగ్‌లో కారెక్కాక నేను ఇంకా ఆవేశంలోనే ఉన్నాను. మూడింటికి మూడూ కరెక్టు, ఇక పాసే పొమ్మన్నాను. సుగుణ సీటు బెల్టు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

"నన్నడిగిందండీ," అంది.

ఇంజను స్టార్ట్ చెయ్యబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాకు అప్పుడు తెలిసింది. ఆ మూడు ప్రశ్నల జవాబులూ ఆవిడ ఎప్పుడో రాసి నాకు చూపించింది. నేను నవ్వాను.

ఫెయిలని ఉత్తరం వచ్చింది. మరుసటి ఏడు మళ్లీ రాయవచ్చని కింద మార్గరెట్ సొంత దస్తూరీతో రాసింది. నేను బతిమాలాను. వంటంతా నేనే చేస్తానన్నాను, ఆ గదిలోకి కూడా రానన్నాను. సుగుణ మళ్లీ రాయలేదు. ఆ హోమ్‌లోనే పక్కలు మారుస్తూ ఉండిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కనక, సకల ఇంగ్లండు రాజుల సాక్షిగా నేను అప్పుడు చేసిన ప్రమాణం ఇది. సుగుణనడిగిన ప్రశ్నకు ఈ జన్మలో నేను జవాబు చెప్పను. నాకు తెలిసినా చెప్పను, తెలిస్తే అసలే చెప్పను.

రెండేళ్ల తరవాత ఆవిడకు నడుం నొప్పి పట్టుకుంటే డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఎక్కడ నొప్పి అని ఆయన అడిగాడు. ఎడమవైపు, కింద, వంగితే ఎక్కువ. అంతా నా నాలుక చివర ఉంది. పళ్లు బిగబట్టి గోడ మీది కేలండరు చూస్తూ కూర్చున్నాను.  సుగుణ నావైపు తిరిగి చూసి, తరవాత డాక్టరుతో, "ఆయన్ని అడగండి," అంది.

నేను చెప్పలేదు. ఆవిడే చెప్పేదాకా అలాగే కూర్చున్నాను. ఇక ముందూ అలాగే కూర్చుంటాను, ఎంతసేపైనా సరే.