కన్నమ్మ మాటకు నా హిందీ

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క హిందీ వాక్యం. అందులో పట్టుమని పాతిక మాటలు కూడా ఉండవు. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. నా పేరు మీకు అక్కర్లేదు. మిగతాదేదీ దాచను. చదివాక నన్ను ఏమనుకున్నా మీ ఇష్టం.

బస్తర్‌లో ఇనుప రాయి తవ్వే కొండల కింద ఒక టౌన్‌షిప్. అక్కడ పారిశుధ్యం పనులకు నేను సూపర్‌వైజర్ని. విజయనగరం వైపు నుంచి రైలెక్కి వెళ్లినవాణ్ణి. క్వార్టర్ల నుంచి వచ్చే చెత్తను ఏంచేయాలన్నది ఎప్పుడూ తలనొప్పే. కొన్నాళ్లకు దాన్ని బొగ్గు చేసే ఏర్పాటు వచ్చింది. ప్లాస్టిక్కు, గాజు, బ్యాటరీలు ఏరేసి, తొక్కలు, ఆకులు, కాగితాలు, కొబ్బరి చిప్పలు ఎండబెట్టి ఇనుప డ్రమ్ములో కూరాలి. మూత బిగించి కింద మంట పెట్టాలి. పొగ పోవడానికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, పొగ ఆగాక దాన్నీ మూసేయాలి. గాలి అందదు కనక లోపలిది మండదు, మాడి బొగ్గవుతుంది. మర్నాడు చల్లారాక నూరి, గంజి కలిపి బిళ్లలు చేస్తే క్యాంటీన్ పొయ్యిల్లోకి పనికొచ్చేవి.

చిక్కంతా మూత దగ్గరే. సిమెంటు పెట్టి చూశాం, పగిలింది. రబ్బరు పెట్టి చూశాం, కరిగింది. చివరికి దారి చూపించింది కన్నమ్మ.

కన్నమ్మ గొల్లపల్లి వైపు దొర్ల తెగ మనిషి, చెత్త ఏరే ఆడవాళ్లలో ఒకరు. వాళ్ల దొర్లీ భాష, తెలుగు మాట్లాడేది. హిందీ సంతలో బేరానికి సరిపోయేంత. ఒకరోజు ఎవరూ అడక్కుండానే పుట్టమన్ను, పేడ కలిపి తెచ్చి, ఇప్పసారా కాచే కుండకి మూతి మూసినట్టు డ్రమ్ము అంచు చుట్టూ మెత్తింది. అంతే, ఇక గాలి చొరబడలేదు. పైవాళ్లకు రాసిన కాగితంలో అది మా విభాగం కనిపెట్టిన పద్ధతి అని రాశాను. అది చిన్న తప్పు. పెద్దది ఇంకా ఉంది.

మూత తీయడానికి ఆమెకో లెక్క ఉండేది. తెల్లారి వచ్చి ఆ మట్టికి అరచేతి వెనుక భాగం ఆనించేది. చల్లగా తగిలితేనే మట్టి కొట్టేది, లేకపోతే ఎంత పని ఆగినా కొట్టేది కాదు.

ఒకసారి పై ఆఫీసు నుంచి పెద్దసారు వస్తారని కబురు వచ్చింది. రావలసింది మర్నాడు. ఒకరోజు ముందే, ఆ మధ్యాహ్నమే వస్తున్నారని ఫోను. డ్రమ్ము కింద మంట ఆపి రెండు గంటలైనా కాలేదు. చూపించడానికి పాత బిళ్లలు గోనెల్లో బోలెడున్నాయి. కానీ ఆయన కళ్లముందే మూత ఎత్తి, చెత్త నల్లటి బొగ్గయిన వింత చూపించాలన్న యావ నాకు పట్టుకుంది. ఎందుకు? మెప్పు కోసం. ఇంతకంటే మంచి కారణం ఇన్నేళ్లు వెతికినా దొరకలేదు.

మిగతావాళ్లు అన్నాలకు వెళ్లారు. మూత ముందే వదులు చేసి ఉంచుదామని సుత్తి అందుకున్నాను. కన్నమ్మ అడ్డం వచ్చింది.

“తియ్యొద్దు సారూ. మన్ను ఇంక కాలతనే ఉంది. ఇప్పుడు తీస్తే గాలి సొరవడి అంటుకుంటది.”

“ఏం కాదులే. పక్కకి జరుగు.”

“రేపు పొద్దుగాల తీద్దాం సారూ. ఒక్క రాత్రే గద.”

మట్టి కొట్టి మూత కదిపాను. లోపల ఎర్రగా కనిపించింది, మరుక్షణం భగ్గుమంది. పక్కనే ఎండబెట్టిన చెత్త, దాని మీద షెడ్డు కప్పు. కన్నమ్మ తడిపిన గోనెలు విసురుతూనే ఉంది. ఆమె ముంజేయి బొబ్బలెక్కింది. నేను వెనక్కి జరిగాను కనక నాకు ఏమీ కాలేదు. పెద్దసారు కారు దిగేసరికి చూడ్డానికి బూడిద మిగిలింది.

మర్నాడు విచారణ. పెద్దసారుకి హిందీ తప్ప రాదు. కన్నమ్మను పిలిచారు. ఇద్దరి మధ్యా దుబాసీని నేనే.

ఆమె తెలుగులో చెప్పింది. “సారు తొందరపడి తీసిండు. నేను వద్దన్న. మన్ను మంచిగనే మెత్తిన.”

“క్యా బోల్తీ హై?” ఏమంటోందని ఆయన నన్ను అడిగారు.

నేను చెప్పిన హిందీకి అర్థం ఇది: మట్టి సరిగ్గా మెత్తలేదట, సందు ఉండిపోయిందట, తప్పు తనదేనని ఒప్పుకుంటోంది. తప్పుకు ‘గల్తీ’ అని వాడితే సంత హిందీ వచ్చిన ఆమెకు తెలిసిపోతుందేమోనని ఆ మాట రాకుండా, కాగితాల్లో రాసే హిందీలో గబగబా చెప్పాను. అంటే తెలియక జారిన మాట కాదన్నమాట. మాటలు ఏరుకుని మరీ చెప్పాను. తన మాటే ఆయనకు చెబుతున్నాననుకుని ఆమె నా పక్కన నిలబడి తల ఊపుతూ ఉంది. ఆ తల ఊపడం చూసి పెద్దసారు ఇంకేమీ అడగలేదు. గేటు పాసు తీసేసుకోమన్నారు.

ఆ పాసు పోవడమంటే కూలి ఒక్కటే పోవడం కాదు. ఆ రోజుల్లో నక్సలైట్ల కోసం దారిలో ఆపి ఆరా తీసే పోలీసులకు ఫొటో ఉన్న కార్డు చూపిస్తే సగం ప్రశ్నలు తగ్గేవి.

ఆమెకు ఇటువైపు ఇంకో అబద్ధం చెప్పాను. “సారుకి నీ మీద కోపం లేదు. షెడ్డు కాలిపోయింది కదా, పని లేదంటున్నారు.”

పాసు బల్ల మీద పెట్టి, “నా మాట సారుకు చెప్పిండ్రు. అది సాలు,” అంది నాతో.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అంతకుముందు సామెతగానే తెలుసు.

నిజం చెప్పి ఉంటే నాకేమయ్యేది? మహా అయితే ఒక మెమో. ఉద్యోగం పోయేది కాదు, పిల్లలు పస్తులుండేవాళ్లు కాదు. ఆకలికి చేసిన తప్పయితే ఇంత సిగ్గుండేది కాదేమో. ఒక కాగితం ముక్కకు భయపడి ఒక మనిషి చేతిపనికే వంక పెట్టాను, అది కూడా ఆమె నోటితోనే చెప్పించినట్టు. కొత్త షెడ్డు లేచాక, మట్టి చల్లారేదాకా మూత తీయరాదని గోడ మీద నేనే రాయించాను. అందరూ మంచి జాగ్రత్త అన్నారు.

కొన్నేళ్లకు ఒకామె నన్ను వెతుక్కుంటూ షెడ్డుకు వచ్చింది. కన్నమ్మ ఆడబిడ్డ.

“వదిన పంపింది సారూ. ఆ సారు మన మాట పెద్దోళ్లకు చెప్తడు, పోయి పని అడుగమన్నది.”

వదిన ఎలా ఉందని అడిగాను. చేతి మీద తోలు ముడుచుకపోయింది, కూలికి మాత్రం పోతనే ఉన్నది అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. ఇద్దరికీ తెలుగు వచ్చు. చాయ్ తాగి వెళ్లమన్నాను. వారం తిరక్కుండా పని ఇప్పించాను. అది ప్రాయశ్చిత్తమని నాకు నేను చెప్పుకున్నాను, నమ్మలేదు. ఆమె కూడా ఊరెళ్లి నా గురించి మంచిగానే చెప్పి ఉంటుంది.

ఇప్పుడు నాకు ఉద్యోగమూ లేదు, మెమో ఇచ్చేవాళ్లూ లేరు. అందుకే రాస్తున్నానా? కావచ్చు. కన్నమ్మ ఉందో లేదో తెలియదు. ఉన్నా ఆమెకు చదువు రాదు, ఎవరో చదివి వినిపించాలి. ఆ చదివేవాళ్లయినా ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. క్షమించమని అడగను, ఆమె క్షమించేస్తుందని నాకు భయం. ఇంత రాశాక మనసు కాస్త తేలికపడింది. ఆ తేలిక నాకు దక్కవలసింది కాదని తెలుసు, అయినా పడింది.

కన్నమ్మ వద్దంది. మూత తీసింది నేను.