లైట్లు ఆర్పిన తరగతి

మొన్న ఇక్కడ కెనడాలో, మార్కమ్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీకి వెళితే చదువుకునే బల్లలన్నిటి మీదా కొత్తగా ఒక చీటీ అంటించి ఉంది, ఇక్కడ నిద్రపోరాదని. పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసి వచ్చి, పుస్తకం తెరిచి దాని మీదే తల వాల్చేసే మన తెలుగు పిల్లల కోసమే అంటించి ఉంటారు. రూలు రూలే, కాదనను. కానీ ఇంటికొచ్చి టీ పెట్టుకుంటున్నంతసేపూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఎందుకో నా ఈడువాళ్ళకు చెప్తే అర్థమవుతుందనిపించింది.

ఇప్పుడు మన పిల్లలు వస్తున్నట్టే అప్పట్లో ఈ దేశానికి చైనా పిల్లలు తండోపతండాలుగా వచ్చేవాళ్ళు. కాలేజీలో చేరే ముందు వాళ్ళకు ఇంగ్లీషు నేర్పడానికి ఇక్కడ షాపుల పై అంతస్తుల్లో చిన్న చిన్న బడులు వెలిశాయి. తెనాలిలో ఏళ్ళ తరబడి కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన నాకు అలాంటి ఒక బడిలో పని దొరికింది. కెనడా దాకా వచ్చి తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకుంటామనుకున్నారు కాబోలు, మొదటిరోజు నా బొట్టూ జడా చూసి పాపం వాళ్ళ మొహాలు చిన్నబోయాయి. తరవాత బాగానే అలవాటు పడ్డారు. వాళ్ళలో వాళ్ళు చైనీసులో ఏదో అనుకుని విరగబడి నవ్వుతుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఆ గోల నాకు కావలసి ఉండేది. మావారికి అమెరికాలో ఉద్యోగమై నెలకోసారి వచ్చి వెళ్ళేవారు, అమ్మాయి యూనివర్సిటీ చదువుకని వాటర్లూ ఊళ్ళో హాస్టల్లో చేరిపోయింది. ఇంట్లో నేనూ, ఫ్రిజ్జు చప్పుడూ మిగిలాం. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

మా ఉద్యోగాలు పర్మనెంటు కావు. టర్ము టర్ముకీ పొడిగించాలి, పొడిగించేది మా కోఆర్డినేటరు, పెద్దగా నవ్వని ఒక తెల్లావిడ. ఆ జీతం రాకపోతే ఇల్లు గడవదని కాదు గానీ, ఆ క్లాసు లేకపోతే వారం పొడుగునా నన్ను పలకరించే మనిషే ఉండదని నా భయం.

ఆ పిల్లలకు ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం తిండి అవగానే క్లాసు లీడరు, వాళ్ళే ఎన్నుకున్న ఒక గంభీరమైన పిల్ల, లేచి లైట్లు ఆర్పేసేది. అందరూ బల్లల మీద చేతులు మడిచి, తల వాల్చి, హాయిగా నిద్రపోయేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళ బళ్ళలో అది మామూలేనట, గంట కొట్టి మరీ పడుకోబెడతారట, టీచర్లు కూడా పడుకుంటారట. మొదట్లో నేను ఆ మసక వెలుతురులో పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని స్పూను చప్పుడు కాకుండా తింటూ కూర్చునేదాన్ని. మా పెద్దమ్మ ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నాలు పెద్దా చిన్నా అందరం చాపలేసుకుని వరసగా పడుకునేవాళ్ళం, అది గుర్తొచ్చేది. రానురాను నాకూ కునుకు పట్టసాగింది. ఇంట్లో మెత్తటి మంచం మీద రాని నిద్ర, ఆ ప్లాస్టిక్ కుర్చీలో, చుట్టూ అంతమంది ఊపిరి పీలుస్తుంటే తన్నుకుంటూ వచ్చేది.

మంచు బాగా పడుతున్న ఒకరోజు నేను కళ్ళు తెరిచేసరికి లైట్లు వెలిగి ఉన్నాయి, గుమ్మంలో కోఆర్డినేటరు స్విచ్చి మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. నా భుజాల మీద ఎవరిదో మందపాటి కోటు కప్పి ఉంది. క్లాసు మొదలవాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. పిల్లలందరూ నిద్ర లేచి, పుస్తకాలు తెరుచుకుని, అప్పటిదాకా కిటికీ వెలుతురులోనే చప్పుడు చెయ్యకుండా చదువుకుంటున్నారు. టీచరుని నిద్ర లేపడం వాళ్ళ లెక్కలో మర్యాద కాదు. ఆవిడ తలుపు తీసినప్పుడు కూడా లీడరు పిల్ల ఎదురెళ్ళి, నోటి మీద వేలు పెట్టి, టీచర్ పడుకున్నారు, తరవాత రండి అందట.

టీచరుని ఎందుకు లేపలేదని ఆవిడ పిల్లలను అడిగింది. నేను నోరు తెరిచేలోగానే ఆ పిల్ల నన్ను కాపాడుదామని ముందుకొచ్చింది.

“టీచర్ కళ్ళు పొద్దున్నించీ ఎర్రగా ఉన్నాయి. టీచర్‌కి ఇంట్లో నిద్ర రాదు. రోజూ ఇక్కడ మాతోపాటే పడుకుంటారు. మాకు చాలా సంతోషం.”

నేను నేర్పిన ఇంగ్లీషే, ఒక్క తప్పు లేదు. ఆ “రోజూ” అన్న మాట దగ్గర కోఆర్డినేటరు కళ్ళు నా వైపు తిరిగాయి. ఇంట్లో నిద్ర రాదని నేను వాళ్ళకు ఎన్నడూ చెప్పలేదు. ఈ దేశంలో నా కళ్ళు ఎర్రగా ఉన్నాయని చూసినవాళ్ళు ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. ఉద్యోగం పోతుందని అర్థమైపోయినా లోపల ఎక్కడో చల్లగా ఉంది.

తరవాతి టర్ము పొడిగించలేదు. ఫోనులో చెప్తే మావారు, “పోనీలే, ఈ చలిలో బస్సుల కోసం నిలబడే బాధ తప్పింది నీకు” అన్నారు. ఓదార్చాననే అనుకున్నారు ఆయన. పిల్లలకు మాత్రం నేను అసలు సంగతి చెప్పలేదు, వేరే క్లాసుకి మార్చారన్నాను. ఆఖరి రోజు వాళ్ళు తలా కాస్తా వేసుకుని బల్ల మీద తల ఆనించుకునే చిన్న దిండు కొని, లీడరు పిల్ల చేత రెండు చేతులతో ఇప్పించారు. కొత్త క్లాసులో కూడా వాడుకోమన్నారు. అలాగేనన్నాను.

ఆ తరవాత వేరే చోట్ల పాఠాలు చెప్పాను. అక్కడ మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్ళు తిని, ఎవరి చెవుల్లో వాళ్ళు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. లైట్లు ఆర్పినవాళ్ళు లేరు. మావారు పోయాక నాకు నిద్ర మరీ కరువైందని ఈమధ్య అమ్మాయి నా ఫోనులో ఏదో ఆప్ పెట్టింది, నొక్కితే నిద్రపుచ్చే చప్పుళ్ళు వస్తాయి. వాన ఉంది, సముద్రం ఉంది, రైలు ఉంది, కట్టెల పొయ్యి కూడా ఉంది. ఓ గదినిండా మనుషులు నిద్రపోతున్న చప్పుడు ఉందేమోనని కిందిదాకా వెతికాను, లేదు.