నా కోసమే వచ్చిన

మా లాజిక్ సారు పోయారు. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి గదిలో, కుర్చీలో కూర్చునే పోయారు. ఎదుటి కుర్చీ, ఎవరో వాదించి అప్పుడే లేచి వెళ్లినట్టు, వెనక్కి జరిగి ఉందని ఆయన తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ముందురోజు ఎవరూ రాలేదట.

ఆయన సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్తాను. మనిషి తన బుద్ధితో, తన కోసం బతకాలి. త్యాగమంటే మర్యాదగా చేసే మోసం. నాకు ఒళ్లు మండేది. "ఇది కడుపు నిండినవాడి తర్కం సార్. మీ గది ఊడ్చే మనిషి తన స్వార్థం చూసుకుంటే మీ గతేంటి?" అని ఎన్నిసార్లు నిలదీశానో.

"ఆమె ఊడ్సేది గూడ ఆమె కోసమే. నువ్వే జాలిపడి ఆమెను చిన్నగ జేస్తున్నవ్" అనేవారు, మెల్లగా. ఆయన గొంతు ఎప్పుడూ లేచేది కాదు. ఆమెకు ఇంకో దారి ఎక్కడుందో చెప్పండని లేచేది నాదే.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసి, ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. మొదటి చాయ్‌కి ఎవరి వాదన వాళ్లది. రెండో చాయ్‌కి మార్చుకోవాలి. అది ఆయన పెట్టిన నియమం. ఆయన నా సమసమాజం గురించి మాట్లాడుతుంటే పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేవారు. ఆయన స్వార్థాన్ని సమర్థించమంటే నేను నీళ్లు నమిలేవాణ్ని. "నువ్వు ఇంకా నా లోపలికి రాలే" అని నవ్వేవారు. నాకు వాదించడం నేర్పింది ఆయనే. తిట్టడం మాత్రం నా సొంతం.

సంస్మరణ సభ నాంపల్లిలో ఒక చిన్న హాల్లో జరిగింది. శిష్యుల్లో కొందరు నిజాయితీపరుడన్నారు, కొందరు రాయి అన్నారు. తమ్ముడు లేచాడు.

"అమ్మ దవాఖానల ఉన్నన్ని దినాలు అన్న పక్కనే కూసున్నడు. అబద్ధమాడొద్దు. ఆఖర్ల అమ్మ అడిగింది, నా కోసం వచ్చినవా బిడ్డా అని. లేదమ్మా, నా కోసమే వచ్చిన అన్నడు. అమ్మ గోడ దిక్కు తిరిగింది. మల్ల మాట్లాడలే."

నేను కోపంగానే లేచాను. కన్నతల్లికి ఒక్క ఊరట మాట ఇవ్వలేని సిద్ధాంతం ఎవడిక్కావాలని అడగడానికే లేచాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"బాధ్యత అనుకొని వచ్చి కూసుంటే అమ్మకు ఏం దక్కుతది? ఆమె పక్కన లేకుంటె తను ఉండలేడు. గదే చెప్పిండు. కొడుకు దగ్గర అంతకంటె పెద్ద మాట ఏముంటది?"

మెల్లగా అన్నాను. నేను మెల్లగా మాట్లాడే మనిషిని కాను. మాది కృష్ణా జిల్లా. "గదే" అన్న మాట నా నోట ఏనాడూ పలకలేదు.

ఆ సిద్ధాంతం తప్పని ఇప్పటికీ అంటాను. సగం మాట చెప్పి, మిగతా సగం ఎదుటివాళ్లే తర్కించుకోవాలంటుంది అది. చనిపోతున్న మనిషికి అంత తీరిక ఎక్కడిది? వాదించే బలం ఉన్నవాళ్ల కోసం పుట్టిన నీతి బలం లేనివాళ్లను గోడవైపు తిప్పేస్తుంది.

ఇదంతా అక్కడే చెప్పాలనుకున్నాను. అప్పటికే జనం వెళ్లిపోతున్నారు. తమ్ముడు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. నన్నెప్పుడూ సార్ అనే పిలుస్తాడు.

"గా మాట అమ్మతోని ఎందుకు చెప్పలే అన్నా?" అన్నాడు.

కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చేస్తున్నారు. ఫ్యాన్లు ఆగాయి. అతను చెయ్యి వదల్లేదు. నా కళ్లలోకి కాదు, నా పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు.