చివరి రంగం తెలియని నటుడు

కాటారంలో బస్సెక్కి, ఎప్పుడో చనిపోయిన ఒక కవి రాసిన నాటకాన్ని సన్నగా పైకే చదువుకుంటున్నాను. పక్కసీటు ముసలాయన నా పుస్తకం మూసేశాడు.

"మెల్లగ సదువు, బిడ్డా. ఆ ఆటల జీతగాని ఏషం గట్టింది నేనే."

ఆ కవి ఎవరికీ నాటకం మొత్తం ఇచ్చేవాడు కాదట. ఎవరి మాటలు వాళ్లకే చీటీల మీద రాసిచ్చేవాడట.

"ఒక్కడు దొరికినా తతిమ్మోళ్లు బతకాలె గద. మొదటి ఆటనాడే, సగంల పోలీసులొచ్చిండ్రు. అందరం ఉరికినం." గొంతు ఇంకా తగ్గించాడు. "ఆఖరి రంగంల నేను బతుకుతనా, బిడ్డా?"

చెప్పబోయాను. అంతలో బస్సాగి ఇద్దరు పోలీసులు ఎక్కారు. ఆయన గభాలున కిటికీవైపు తిరిగిపోయాడు. గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకమే అయినా చున్నీ కింద దాచేశాను.

వాళ్లు ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకాయన కమ్మీ పట్టుకుని నిలబడే కునుకు తీశాడు.

భూపాలపల్లి రాకముందే ముసలాయన దిగిపోయాడు. దిగేముందు మెట్టు మీద ఆగి, నావైపు చూశాడు. అవుననో కాదనో కాస్త తల ఊపినా ఆయనకు సరిపోయేది. నా మెడ కదల్లేదు.