రూతక్క లెన్స్ మీద నూనె

నిన్న పొద్దున ఇక్కడ ట్రుగనీనాలో పాపను స్కూల్లో దింపి కారెక్కుతుంటే పెర్త్ నుంచి ఫోన్.

రూతక్క నిద్రలోనే పోయిందట.

"ఏ రూతక్క?" అని అడిగాను. నాకున్నది ఒక్కతే రూతక్క. అయినా అడిగాను.

మొన్న ఆదివారమే గంటసేపు మాట్లాడింది. కొత్త కెమెరా కొన్నానని, దాని గురించి నాకు అర్థం కాని సంగతులన్నీ చెప్పింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఏడుపు పోస్ట్ పెడితే తనే కింద కామెంట్లలోకొచ్చి తిట్టేది. అందుకే మా ఆటమ్ ట్రిప్ గురించి రాస్తున్నాను. నా జీవితంలో అంత సంబరంగా ఉన్న వారం ఇంకోటి లేదు.

యూనివర్సిటీ రోజుల్లో పెర్త్ కానింగ్ వేల్‌లో ఒకే ఇంట్లో నలుగురు అమ్మాయిలం. నేను కరీంనగర్ నుంచి ఐటీ చదవడానికి వచ్చాను. తను నరసాపురం నుంచి నర్సింగ్‌కి, నాకంటే ఏడాది సీనియర్. కానీ తన ప్రాణమంతా కెమెరా మీదే. నర్సింగ్ వదిలి ఫోటోగ్రఫీ కోర్సులోకి మారాలని పట్టు. పోర్ట్‌ఫోలియోలో ఒక్క గట్టి ల్యాండ్‌స్కేప్ ఉంటే సీటు వచ్చేస్తుందని లెక్చరర్ చెప్పాడు.

అప్పుడే ఏప్రిల్‌లో, అంటే అక్కడి ఆకురాలే ఆటమ్‌లో, ఒక ఫోటోగ్రఫీ వర్క్‌షాప్ పడింది. పెర్త్ నుంచి ఉత్తరంగా రెండు రోజుల డ్రైవ్, గార్జ్ అనే ఇరుకైన ఎర్రరాతి లోయ, టెంట్లలో మకాం. ఆ సీజన్‌లో మాత్రమే మధ్యాహ్నం పది నిమిషాలు ఎండ సరిగ్గా గార్జ్ అడుగుదాకా దిగుతుందట.

నాకు కెమెరా పట్టుకోవడం కూడా రాదు. అయినా నన్ను లాక్కెళ్లింది. దారి పొడవునా చర్చి పాటలు, పులిహోర, కందిపొడి, నవ్వి నవ్వి కడుపునొప్పి.

బయల్దేరే ముందు వాళ్లమ్మ పంపిన ప్రార్థన నూనె తీసింది. గోదావరి జిల్లాల చర్చివాళ్లకు అలవాటే, కొత్త వస్తువేదైనా పాస్టరుగారు ప్రార్థించిన నూనెతో సిలువ గుర్తు వేయాలి. ఈవిడ తన కొత్త కెమెరా అడుగున, ఎవరికీ కనబడకుండా, చిన్న సిలువ గీసి అయిందనిపించింది.

నాకు నచ్చలేదు. మా ఇంట్లో బండికైనా, కుట్టు మిషన్‌కైనా బొట్టు ఎదురుగా నడిమధ్యన పెడతారు. అడుగున పెడితే ఏం పని చేస్తుంది?

అసలు రోజు వచ్చింది. తను నీళ్లు పట్టుకోవడానికి వెళ్లింది. బ్యాగ్‌లో కెమెరా, పక్కన నూనె సీసా. లెన్స్ అంటే కెమెరాకు ముఖం లాంటిదనుకున్న తెలివైనదాన్ని నేను. దాని మూత తీశాను, నూనె ముంచిన వేలితో అద్దం మధ్యలో గుండ్రంగా, నిండుగా బొట్టు పెట్టాను, దండం పెట్టుకుని మూత పెట్టేశాను. పుణ్యం చేసినంత సంతోషం.

గార్జ్ ముందు మా గైడ్ ఆపింది. ఆ నేలకు చెందిన ఆదివాసీ పెద్దావిడ, అందరం ఆంటీ అనే పిలిచేవాళ్లం. లోపలికి వెళ్లేవాళ్లు గుప్పెడు ఇసుక తీసి నీళ్లలో వేసి, తామెవరో, ఎవరి బిడ్డలో తమ భాషలోనే ఆ చోటికి చెప్పాలంది. అందరూ రెండు ముక్కల్లో ముగించారు. రూతక్క మాత్రం అమ్మ పేరు, నాన్న పేరు, చర్చి ఉన్న వీధి, తన అత్తెసరు మార్కులు, నేను పక్కింటి వంకాయలు కోసిన సంగతి, అన్నీ తెలుగులో విన్నవించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆంటీ ముసిముసిగా నవ్వుతూనే ఉంది.

తరువాత ఎండ దిగింది.

ఎలా చెప్పాలో తెలియదు. రాయి లోపల నుంచి దీపం పెట్టినట్టు గోడలన్నీ వెలిగాయి. పదిహేనుమందిమీ అరిచేశాం. నేను గెంతాను కూడా.

రూతక్క అరవలేదు. నీడలో తెలియలేదు గానీ, ఎండ పడగానే తన స్క్రీన్ మీద అంతా పాలు పోసినట్టు తెల్లబారిపోయింది. సెట్టింగులు మార్చింది. మళ్లీ తీసింది. మళ్లీ తెలుపే. చివరికి లెన్స్ తనవైపు తిప్పి చూసింది.

కొంచెంసేపు అలాగే చూసింది.

టీషర్టుతో తుడిచింది, ఇంకా పాకింది. ఎవరో క్లాత్ ఇచ్చేలోగా ఎండ వెళ్లిపోయింది.

"అమ్మ నూనె కారినట్టుందే స్వప్నా. నేనే ఎక్కువ రాసేసుంటాను" అంది నాతో.

నేను బ్యాగ్ సర్దడం మొదలుపెట్టాను.

ఆ ఏడాది సీటు రాలేదు. మరుసటి ఏడాది వచ్చింది. ఆ మధ్య ఏడాదంతా తను ముసలివాళ్లను చూసుకునే ఓ ఏజ్డ్ కేర్ హోమ్‌లో షిఫ్టులు చేస్తూ గడిపింది. అలసిపోయి వచ్చి సోఫాలోనే పడుకుండిపోయేది. నేను చూస్తూ ఊరుకున్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్లు లాగాను.

తరువాత సంగతి మీకందరికీ తెలుసు. పెర్త్ హారిస్‌డేల్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఓణీల ఫంక్షన్, బాప్తిస్మం, పెళ్లి, ఏదైనా ఫోటోలు రూతక్కవే. ప్రతి పార్టీలో తన నూనె కథ తనే చెప్పి అందరినీ నవ్వించేది. నేనూ నవ్వేదాన్ని. ఎంత సిగ్గులేనిదాన్నో.

రాత్రి నరసాపురం ఫోన్ చేశాను. రూతక్క వాళ్లమ్మతో మొత్తం చెప్పేశాను. ఆ నూనె రాసింది నేనేనని, మీ అమ్మాయికి ఒక ఏడాది నావల్లే పోయిందని.

ఆవిడ అంది:

"దానికి అప్పుడే తెలుసమ్మా. మేం సిలువ గుర్తేత్తాం కదా, అద్దం మీద గుండ్రంగా బొట్టుందంట. స్వప్నే పెట్టింది, దానికి తెలిసిందంటే ఏడుత్తాది, ఎవరికీ చెప్పకమ్మా అని ఆ రోజే నాతో ఒట్టేయించుకుంది."

అక్కా, ఆ నూనె రాసింది నేనే.

నీకు చెప్పాల్సిన మాట ఊరందరికీ చెబుతున్నాను. క్షమించు.

షిఫ్టుల్లేవు, అలసట లేదు. హాయిగా నిద్రపో రూతక్కా. నీ దేవుడు నిన్ను చల్లగా చూసుకోవాలి.