కండెల ఓటు, నూకుడు బండి

ఆ రోజుల్లో నాకు ఒక జబ్బు ఉండేది. ఎవరైనా మైకు పట్టుకుని "అందరూ చెప్పినట్టే చేద్దాం" అంటే నిజంగా నమ్మేదాన్ని. అందరూ అంటే అందరేననీ, చెప్పినట్టే అంటే చెప్పినట్టేననీ అనుకునేదాన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయి ఏడాది ఖాళీగా ఉన్నాక సిరిసిల్లలో మా వాడ నేత సంఘం ఆఫీసులో ఉత్తరాలు రాసి ముద్రలు వేసే పని దొరికింది. (పని అంటే ఒక బల్ల, ఒక రబ్బరు స్టాంపు, గోడకు ఆనించకపోతే కూలిపోయే ఒక కుర్చీ. అయినా నేను కలెక్టరమ్మలాగే కూర్చునేదాన్ని.) ఆ పని ఇప్పించింది మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు. ఆయనకు పన్నెండు సాంచలున్న కార్ఖానా ఉండేది. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. సంఘం అధ్యక్షుడికి చిన్నబాపు మంచి దోస్తు. ఆ అధ్యక్షుణ్ణి వాడంతా వెనక నుంచి దండల సారు అని పిలిచేది. మెడలో దండ పడనిదే ఆయనకు గొంతు పెగిలేది కాదు.

ఆ ఏడాది సంఘం వాళ్ళు కోరుట్లలో ఒక పాత వ్యాను కొన్నారు. వాడలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కరీంనగర్ దవాఖానాకు తీసుకుపోవడానికి. ఆలోచన మంచిదే, బండే మంచిది కాదు. కోరుట్ల నుంచి వస్తూ దారిలో రెండుసార్లు ఆగిందట. మా గల్లీ మొదట్లోకి వచ్చి మూడోసారి ఆగింది. దండల సారు పూలదండ పట్టుకుని ఆఫీసు ముందు ఎదురు చూస్తుంటే, బండి అక్కడ, దండ ఇక్కడ. చివరికి కార్ఖానాల్లో నూలును కండెలకు చుట్టే ఆడవాళ్ళు కొంగులు బిగించి బయటికొచ్చి దాన్ని ఆఫీసు దాకా తోసుకొచ్చారు. వాళ్ళందరికీ ముందు మా కండెల పెద్దమ్మ. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ళుగా కండెలు చుట్టిన చేతులు. బండి బానెట్ మీద ఒక్కటి చరిచి, "ఇది మనల్ని దవాఖానకు తీస్కపోతదా, మనమే దీన్ని దవాఖానకు తీస్కపోవాల్నా?" అంది. దండల సారు తప్ప అందరూ నవ్వారు.

బండికి పేరు పెట్టాలన్నారు. దండల సారు మనసులో వాళ్ళ బాపు పేరు ఉందని నాకూ తెలుసు, గోడలకూ తెలుసు. కానీ ఆయనే పెట్టుకుంటే బాగుండదు కదా! మీటింగులో చేతులు జోడించి, "బండి ప్రజలది. పేరు ప్రజలే పెట్టాలె. ఓట్లు పెడదాం" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను నా జబ్బు కొద్దీ లేచి నిలబడి, "సార్, ప్రజలంటే ఎవరు?" అని అడిగాను. ఎందుకంటే అప్పటిదాకా సంఘంలో ఏ ఓటైనా కార్ఖానాలున్న ఆసాములదే. సాంచలు నడిపేవాళ్ళకు లేదు, కండెలు చుట్టేవాళ్ళకు అసలే లేదు. "అందరమ్మా, అందరు" అన్నాడాయన, ఫొటోగ్రాఫర్ వైపు చూస్తూ. నేను ఆ మాటను వెంటనే మినిట్స్ పుస్తకంలో రాసి ముద్ర వేశాను.

మూడు పేర్లు మిగిలాయి. ఒకటి దండల సారు బాపు పేరు, 'స్మారక వాహనం' అనే తోకతో. రెండోది 'పుష్పకం'. మూడోది కండెల పెద్దమ్మ చెప్పింది: 'జర నూకుండ్రి'. మా వైపు నూకడమంటే తోయడం. కొంచెం తోయండయ్యా అని బండే అడుగుతున్నట్టు. ఆ మాట వినగానే దండల సారు ముఖం చేదు మాత్ర మింగినట్టయింది. కానీ 'అందరు' అన్న మాట ముద్ర కింద ఉంది.

చీటీలు పెడితే చదువురాని వాళ్ళు ఇంకొకరి చేత రాయించుకోవాలి, రాసేవాడు తనకు నచ్చింది రాస్తాడు. అందుకని నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది (ఇప్పటికీ అదంటే నాకు గర్వమే). మనిషికొక ఖాళీ కండె. నూలు చుట్టే ఆ పుల్లలు వాడలో ఎవరి చేతిలోనైనా ఉండేవే. మూడు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి, ఏ డ్రమ్ము ఏ పేరుదో నోటితో చెప్పి, నచ్చిన దాంట్లో కండె వేయమన్నాను. ఆదివారం సంఘం హాల్లో ఓటింగు. ముందురోజు పెద్దమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. "బిడ్డా, మా ఓటు నిజంగనే లెక్కల పడ్తదా? ఇన్నేండ్లల్ల మమ్ముల ఎవ్వరు ఏదడగలే. ఏడిపిస్తలేవు గద?" అంది. నవ్వుతూనే అడిగింది కానీ కళ్ళు నవ్వలేదు. "నా మీద ఒట్టు పెద్దమ్మా, పడ్తది" అన్నాను. ఒట్టు వేయడం తేలికే. ఆ వయసులో మరీ తేలిక.

ఆదివారం పొద్దున్నుంచి గుమ్మంలో కాపలా ఉన్నాను. ఆడవాళ్ళు పండక్కి వచ్చినట్టు వచ్చారు. ఒక్కొక్కరు ఒక్క కండె వేసి, డ్రమ్ములోకి తొంగి చూసి మరీ వెళ్ళారు. మధ్యాహ్నం ఆకలికి ఆగలేక, చిన్నబాపును కాస్త చూస్తుండమని చెప్పి, అన్నం తిని వచ్చాను. (ప్రజాస్వామ్యాన్ని పప్పన్నం కోసం వదిలిన మనిషిని నేనే, ఒప్పుకుంటున్నాను.) తిరిగి వచ్చేసరికి స్మారక వాహనం డ్రమ్ము గొంతు దాకా నిండి, పైన గుట్ట పోసి ఉంది. ఆ పెద్దాయన మీద వాడకు ఇంత ప్రేమ ఉందా అని నోరెళ్ళబెట్టాను. లెక్క ఆ సాయంత్రమే పెట్టాల్సింది. కానీ హైదరాబాద్ నుంచి అతిథి ఎవరో సోమవారం వస్తున్నాడనీ, ఆయన ముందే లెక్క పెట్టాలనీ, రెండు దండలు ఎక్కువ తెప్పించాలనీ దండల సారు కబురు పంపాడు. నేను హాలుకు తాళం వేసి తాళంచెవి జడకు కట్టుకుని ఇంటికి పోయాను.

సోమవారం పొద్దున వాడలో ఏదో తేడాగా ఉంది. రోజూ తెల్లారకముందే మొదలయ్యే సాంచల చప్పుడు సగమే వినిపిస్తోంది. కరెంటు పోయిందా అంటే పక్క కార్ఖానా నడుస్తోంది. మా చిన్నబాపు కార్ఖానాతో కలిపి ఆరు కార్ఖానాలు మూగబోయాయి. పండుగ చీరల ఆర్డరు నెత్తి మీద ఉన్న రోజులవి. ఏమైంది చిన్నబాపూ అని అడిగితే, "ఏం లేదు, మిషిన్లకు జర రెస్టు" అన్నాడు, నా జడలో తాళంచెవి వైపు చూస్తూ. సాంచలకు రెస్టు ఇచ్చిన ఆసామిని నేను పుట్టి ఎరగను. అయినా అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ఎంత తెలివో చూడండి.

పది గంటలకు హాలు నిండింది. అతిథి వచ్చాడు, దండలు పడ్డాయి. దండల సారు డ్రమ్ముల వైపు చెయ్యి చూపి, "లెక్కెందుకమ్మా, కండ్లకు కనవడ్తలేదా? నిండిన డ్రమ్మేదో చెప్పు, అయిపోతది" అన్నాడు. "లెక్క పెట్టాలె సార్" అన్నాను. ఆ నిండిన డ్రమ్మును వంచి చాప మీద కుమ్మరించాను. అంతే, ముందు వరసలో కూర్చున్న కండెల పెద్దమ్మ చేతులు వాటంతట అవే కదిలాయి. మా దగ్గర ఏ కార్ఖానా కండెకు ఆ కార్ఖానా రంగు గీత ఉంటుంది, కలిసిపోకుండా. కలిసిన కండెల కుప్ప కనిపిస్తే చుట్టేవాళ్ళ చేతులు ఊరుకోవు, రంగుకు రంగు వేరు చేసేస్తాయి. ఎవరినో పట్టివ్వాలని కాదు, అలవాటు. పక్కనున్న నలుగురు ఆడవాళ్ళూ చేతులు కలిపారు. పది నిమిషాల్లో చాప మీద ఆరు పెద్ద కుప్పలు లేచాయి. ఆకుపచ్చ గీతవి, నీలం గీతవి, పసుపు గీతవి, ఇంకేవేవో. అన్నిటికంటే ఎత్తయిన కుప్ప ఎర్ర గీతలది. అది మా చిన్నబాపు రంగు.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు పొద్దుటి నిశ్శబ్దం కూడా అర్థమైంది. ఓట్లు గుద్దాలని సంచులకొద్దీ కండెలు పోసేశారు. అదే సాయంత్రం తిరిగి వస్తాయనుకున్నారు. లెక్క సోమవారానికి పోయి కండెలు తాళం వెనక ఉండిపోయాయి. అడిగితే దొరికిపోతారు, అడగకపోతే కండెల్లేక సాంచలు ఆగుతాయి! నా ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మ నా వైపే చూస్తోంది. నువ్వూ అంతేనా అన్నట్టు. నేను మైకు తీసుకున్నాను. "మనిషికి ఒక్క కండె. మిగిలినయి ఎవరియి వాళ్ళు వచ్చి, గిది మా కార్ఖానాది అని చెప్పి తీస్కపోండ్రి. అడగనోళ్ళయి ఈడనే ఉంటయి."

దండల సారు నా చెవి దగ్గరికి వంగి పళ్ళు కొరికాడు. "ఏం పిల్లా, తమాషా అనుకుంటున్నవా? పెద్దమనుషుల ముందట ఇజ్జత్ తీస్తవా?"

"ఇజ్జత్ కండెలల్ల ఉందని నాకేం తెలుసు సార్" అన్నాను. మైకు నా చేతిలోనే ఉంది, అది ఆన్‌లోనే ఉంది.

చివరికి మా చిన్నబాపే లేచాడు. పండుగ చీరలు ఆయన్ను లేపాయి. తలవంచుకుని వచ్చి నిలబడ్డాడు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, ఈ పని ఇప్పించిన మనిషి.

"ఎర్ర గీతలయి... మనయే" అన్నాడు.

"నీకు ఓట్లెన్ని చిన్నబాపూ?"

"ఒకటి."

"ఒకటి ఈడ పెట్టి మిగిలినయి తీస్కపో."

ఆయన ఒక కండె చాప మీద పెట్టాడు, మిగిలినవి సంచిలోకి ఎత్తాడు. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో పకపకా నవ్వారు, తర్వాత అతిథితో సహా హాలంతా నవ్వు. మిగిలిన ఐదుగురూ ఒకరి వెనక ఒకరు సంచులు పట్టుకుని వచ్చారు. అప్పుడు లెక్క పెట్టాం. 'జర నూకుండ్రి' గెలిచింది, అలా ఇలా కాదు, మిగిలిన రెండూ కలిపినా అందనంత. కండెల పెద్దమ్మ లేచి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

దండల సారు మెడలో దండ తీసి కుర్చీ మీద పడేశాడు. "రేపటి సంది నువ్వు ఆఫీసుకు రావొద్దు" అన్నాడు.

"రేపటి సంది గద సార్. ఇయ్యాల నేనే ఉన్న" అన్నాను. మినిట్స్ పుస్తకం తీసి ఫలితం రాశాను, ముద్ర వేశాను, ఆడవాళ్ళందరి చేత వేలిముద్రలు పెట్టించాను. స్టాంపు ఆయన బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. నిజం చెప్పొద్దూ, గల్లీ మలుపు తిరిగాక ఏడ్చాను. చిన్నబాపు నెల రోజులు నాతో మాట్లాడలేదు. కానీ వారం తిరక్కుండా కోరుట్ల నుంచి పేంటర్ చాచా వచ్చి బండి వెనక ఆ పేరు రాశాడు. చూడ్డానికి పోయిన నాతో, "ముప్పై ఏండ్లసంది బండ్ల మీద రాస్తున్న బేటీ, గింత నిజం మాట ఎప్పుడు రాయలే" అన్నాడు. ఆ పేరు చదివి తోయకుండా పోయిన మనిషి లేడు. దండల సారు కూడా ఒకసారి తోశాడని విన్నాను, నేను చూడలేదు.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఉంటున్నాను. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, మా కాలనీ కమిటీకి అధ్యక్షురాలిని కూడా అయ్యాను (నవ్వకండి). పోయిన నెల కాలనీకి ఒక నీళ్ళ ట్యాంకరు కొన్నాం. పేరు కోసం ఫోన్ గ్రూపులో నేనే ఓటింగు పెట్టాను. 'గంగమ్మ' గెలుస్తుందనుకున్నాను. పిల్లలూ ఆడవాళ్ళూ కలిసి 'ఇయ్యాల రాదు' అనే పేరును గెలిపించారు. ట్యాంకరు మీద 'ఇయ్యాల రాదు' అని రాయిస్తే పక్క కాలనీవాళ్ళ ముందు మన పరువేం కావాలి? "మిత్రులారా, కాలనీ గౌరవాన్ని దృష్టిలో పెట్టుకుని కమిటీయే ఒక మంచి పేరును" దాకా టైపు చేశాను. పక్కన కూర్చున్న నా బిడ్డ ఫోన్‌లోకి తొంగి చూసి, "గట్లైతే మమ్ముల ఎందుకడిగినవమ్మా?" అంది. "పెద్దోళ్ళ సంగతి నీకెందుకే" అని కసిరాను. కసిరాక ఆ సందేశాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. తర్వాత రాసిందంతా చెరిపేసి, ఫలితం ఉన్నదున్నట్టు ప్రకటించాను. ట్యాంకరు మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో రాయించాను, ఎవరేమనుకున్నా సరే. నా బిడ్డ శెభాష్ అంది, నేనూ నవ్వాను. కానీ సిరిసిల్లలోని ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల అయితే ఆ సగం సందేశం కూడా టైపు చేసేది కాదు.